థీసిస్‌ను గుత్తకు ఒప్పుకోవద్దు, కూలికి రాయండి

పీహెచ్‌డీలో చేరిన మొదటి రెండేళ్లలో నేను రాసింది మొత్తం పదకొండు పేజీలు. చదివింది మాత్రం బీరువా నిండా ఉంది, జిరాక్సులు, పీడీఎఫ్ ప్రింట్లు, వాటి మీద నాలుగు రంగుల గీతలు. ఎవరైనా అడిగితే "మెటీరియల్ అంతా రెడీ, కూర్చుంటే నెల రోజుల్లో రాసేస్తా" అనేవాణ్ణి. ఆ కూర్చోవడం దసరా నుంచి సంక్రాంతికి, సంక్రాంతి నుంచి ఎండాకాలం సెలవులకు జరుగుతూ పోయింది. ఎండాకాలంలో కడపలో, రేకుల గదిలో, 42 డిగ్రీల్లో కూర్చుని థీసిస్ రాసేవాడు ఎవడన్నా ఉంటే చూపించండి, దండం పెడతా.

మా వైపు పొలం పని రెండు రకాలుగా చేయిస్తారు, కూలికి, గుత్తకు. కూలి అంటే పొద్దున వచ్చి, చేసినంత చేసి, ఆ పూట డబ్బులు తీసుకుని పోవడం. గుత్త అంటే "ఈ నాలుగెకరాల శెనక్కాయ పీకడానికి ఇంత" అని మాట్లాడుకుని, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా ముగించడం. నేను థీసిస్‌ని గుత్తకు ఒప్పుకున్నా. ఈ వారంలో రెండో చాప్టర్ మొత్తం, వచ్చే నెలకి మూడోది అని. కానీ గుత్త మాట్లాడాలంటే చేను ఎన్నెకరాలో ముందే తెలియాలి కదా! థీసిస్‌లో ఎన్నెకరాలు ఉన్నాయో రాసేదాకా తెలీదు. మూడు పేజీల్లో అయిపోతుందనుకున్న భాగం ముప్పై పేజీలు తింటుంది, చాప్టర్ అనుకున్నది ఒక పేరాలో ముగుస్తుంది. అందుకే ప్రతి గుత్తా తప్పిపోయింది, తప్పిన ప్రతిసారీ నాకు రాయడం రాదన్న భయం ఇంకొంచెం పెరిగింది.

ఇప్పుడు నాలుగో ఏడాది చివర్లో ఉన్నా. మూడు చాప్టర్లు ఓకే అయ్యాయి, నాలుగోది నడుస్తోంది. ఏం మారింది అంటే కూలికి మారాను, అంతే. దాన్ని ఎట్లా నడుపుతున్నానో చెబుతా, మీకు పనికొచ్చింది తీసుకోండి.

కూలి గంట

నాది పొద్దున 5:30 నుంచి 7 వరకు. ఏడింటికి కింద ఓనర్ మోటారు వేస్తాడు, పక్క గదిలో కుక్కర్ కూత మొదలవుతుంది, ఆ తర్వాత ఆ రోజు నాది కాదు. మీరు కూడా పొద్దున్నే లేవాలని నేను చెప్పను, రాత్రి పదకొండుకి బుర్ర పనిచేసే వాళ్లని తెల్లవారుజామున లేపితే నిద్రా పోతుంది, రాతా పోతుంది. పోయిన వారం మొత్తం గుర్తు చేసుకోండి, ఏ టైంలో మీకు ఎవరూ ఫోన్ చెయ్యలేదో, ఎవరూ పని చెప్పలేదో చూడండి. అదే మీ గంట. గంట లేకపోతే అరగంట. వారానికి ఐదు రోజులు చాలు, ఏడు రోజులూ రాస్తానని శపథాలు పట్టొద్దు.

ఆ గంటలో చెయ్యాల్సింది ఒకటే, థీసిస్‌లోకి వెళ్లే వాక్యాలు రాయడం. చదవడం, రిఫరెన్సులు సరిచెయ్యడం, మార్జిన్లు సర్దడం, గైడ్‌కి మెయిల్ పెట్టడం, ఇవన్నీ పనులే కానీ ఆ గంట పనులు కావు. మనం రాత నుంచి తప్పించుకునేది సినిమాలు చూసి కాదు, ఇట్లాంటి గౌరవమైన పనులు చేసే. "ఈ ఒక్క ఆర్టికల్ చదివేసి మొదలుపెడతా" అన్నది నా రెండేళ్లని తినేసిన వాక్యం.

మరి ఏమీ తోచకపోతే? తోచదు, చాలా రోజులు తోచదు. అప్పుడు "ఈ భాగంలో నాకు అర్థం కానిది ఏమిటంటే" అని మొదలుపెట్టి రాస్తూ పోండి. నేను ఎక్కువసార్లు రాసిన వాక్యం అదే. సగం రోజులు అది ఎక్కడికీ పోదు. మిగతా సగం రోజులు నాలుగు లైన్ల తర్వాత అర్థం కానిది ఏమిటో తెలుస్తుంది, అది తెలిస్తే పేరా దొరికినట్టే.

టైం అయిపోగానే ఆపెయ్యాలి. బాగా సాగుతున్నా సరే. ఇది వినడానికి పిచ్చిగా ఉంటుంది కానీ ఊపు మీద నాలుగు గంటలు రాసిన మర్నాడు నేను ఒక్కసారి కూడా మళ్లీ కూర్చోలేదు. చివరి ఐదు నిమిషాలు మాత్రం రేపటి నాకు చీటీ రాసుకుంటా (నా థీసిస్ చెరువుల మీద, శాసనం అన్నది ఒక పాత చెరువుది): "పోరుమామిళ్ల శాసనంలో కూలీల లెక్క దగ్గర ఆగాను. రేపు బండ్ల లెక్కతో మొదలుపెట్టు. ఇంత ఖర్చు ఎవరు పెట్టారన్నది అడుగు." మర్నాడు లేచి ఖాళీ తెల్ల పేజీ చూసే బాధ ఉండదు.

ఫోన్ పక్క గదిలో, బియ్యం డబ్బా మీద. సైలెంట్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచుకోవడం అంటే పిల్లిని పాలగిన్నె పక్కన కూర్చోబెట్టి తాగొద్దని చెప్పడం. ఒకేసారి గంట కూర్చోలేని వాళ్లు 25 నిమిషాలు రాసి 5 నిమిషాలు ఆగే పద్ధతి చూడండి. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని చదివాడట, అందుకే దానికి టమాటా అనే పేరే పెట్టాడు, వాళ్ల భాషలో పొమొదోరో. రేటు పడిపోయినప్పుడు పంటను రోడ్డు మీద పారబోసే పత్తికొండ రైతుకి ఈ కథ చెబితే ఏమంటాడో గానీ, పద్ధతి మాత్రం పనిచేస్తుంది.

ఒక రూళ్ల నోట్‌బుక్ కొనండి. రోజూ తేదీ, ఎన్ని నిమిషాలు, ఏం చేశాను, మూడే ముక్కలు. ఎన్ని పదాలు రాశానో నేను లెక్కపెట్టను. చెత్త పేరా ఒకటి కొట్టేసిన రోజు ఆ లెక్క మైనస్‌లోకి పోతుంది, కానీ అది మంచి రోజు. కూలీకి పనిచేసిన టైముకి డబ్బులిస్తారు, మీరూ అట్లాగే ఇచ్చుకోండి.

ఇది నా సొంత కవిత్వం కాదు. అమెరికాలో రాబర్ట్ బాయ్స్ అనే సైకాలజిస్ట్ యూనివర్సిటీల్లో పనిచేసే అధ్యాపకులు ఎట్లా రాస్తారో ఏళ్ల తరబడి చూశాడు. తీరిక దొరికినప్పుడు ఒకేసారి కూర్చుని రాద్దామనుకున్న వాళ్లకంటే రోజూ కొంచెం కొంచెం రాసిన వాళ్లే ఎక్కువ రాశారని, కొత్త ఆలోచనలు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయని తేల్చాడు. అంటే ఆలోచన వచ్చాక రాయడం కాదు, రాస్తూ ఉంటే ఆలోచన వస్తుంది.

అమ్మకు చెప్పినట్టు

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం. మనలో చాలామంది డిగ్రీ దాకా తెలుగు మీడియం, లేదా పేరుకి ఇంగ్లీష్ మీడియం. థీసిస్ ఇంగ్లీషులో రాయాలి. దాంతో ఒకేసారి రెండు పనులు పడతాయి నెత్తిన, ఆలోచించడం, దాన్ని తప్పుల్లేని ఇంగ్లీషులో పెట్టడం. రెండూ కలిసి వచ్చేసరికి మొదటిది ఆగిపోతుంది. వాక్యం అందంగా ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. నా పాత పదకొండు పేజీలు అట్లాంటివే, ఎవరివో పదాలు తెచ్చి అతికించినవి.

నా టాపిక్ కడప జిల్లా చెరువులు. ఒకరోజు అమ్మ ఫోన్‌లో "ఏం రాస్తాండావ్ నాయనా ఇన్నేళ్ల నుంచి?" అంది. విసుగ్గానే చెప్పా: "మన చెరువులు వానల్లేక చెడిపోలేదమ్మా, మరామతు ఎవరు చెయ్యాలో తేలక చెడిపోయినాయి. ముందు ఊరు చేసుకునేది, తర్వాత సర్కారు చేస్తుందన్నారు, ఊరు వదిలేసింది, సర్కారూ చెయ్యలేదు." ఫోన్ పెట్టేశాక అట్లాగే కూర్చుండిపోయా. రెండేళ్లుగా ఇంగ్లీషులో దొరకని నా వాదన మొత్తం ఆ రెండు ముక్కల్లో ఉంది. అదే ఇప్పుడు మూడో చాప్టర్.

కాబట్టి మొదటి డ్రాఫ్ట్ తెలుగులో రాయండి, లేదా తెలుగూ ఇంగ్లీషూ కలిపి, మీరు మాట్లాడినట్టే. ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైప్ చేస్తుంది, తప్పులు వస్తాయి, రానివ్వండి. మూడు ప్రశ్నలకి నోటితో జవాబు చెప్పండి చాలు: ఈ భాగంలో నేనేం అంటున్నా? ఎట్లా తెలుసు? ఎవరు కాదంటారు? ఆ తర్వాత ఇంకో రోజు, ఇంకో గంటలో, దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లండి, చిన్న చిన్న వాక్యాల్లో. నా గైడ్ ఎర్ర పెన్ను సగానికి తగ్గింది ఈ ఒక్క మార్పుతోనే. గ్రామర్ ఆఖర్న చూసుకోవచ్చు, దానికి మనుషులున్నారు, సాఫ్ట్‌వేర్లున్నాయి. వాదనకి మాత్రం మీరొక్కరే ఉన్నారు.

తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లకి వేరే గొడవ. చేత్తో రాసి డీటీపీ సెంటర్లో ఇస్తే వాళ్లు 'అను' అనే ఫాంట్లలో కొడతారు, ఆ ఫైల్‌ని మీరు ఇంట్లో తెరిస్తే గజిబిజి అక్షరాలు. ప్రతి దిద్దుబాటుకీ మళ్లీ సెంటర్‌కి పోవాలి, దాంతో దిద్దడమే మానేస్తారు. దయచేసి మొదటి రోజు నుంచి యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే తెలుగులో, మీరే టైప్ చెయ్యండి. మొదట్లో నత్తనడకే. ఒకటి రెండు నెలల్లో చెయ్యి అలవాటు పడుతుంది.

చదివినప్పుడు

ఏ ఆర్టికల్ చదివినా మూసేసి, చూడకుండా, మీ మాటల్లో మూడు వాక్యాలు రాయండి: ఆయన ఏమన్నాడు, నాకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ఒప్పుకోను. రాయలేకపోతే చదవలేదన్నమాట. ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటే వెంటనే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు. దీన్ని తేలిగ్గా తీసుకున్న వాళ్లకి చివర్లో ప్లేజియరిజం రిపోర్టు వచ్చినప్పుడు తెలుస్తుంది, ఆ పేరా తనదో వేరేవాళ్లదో తనకే గుర్తుండదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్య అయితే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులకి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితం, ఒక పూటలో వచ్చేస్తుంది.

ఏఐ టూల్స్ గురించి ఒక్క ముక్క. వాక్యం దిద్దించుకోవడం వేరు, రిఫరెన్సులు అడగడం వేరు. లేని ఆర్టికల్‌కి పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా పుట్టించి ఇస్తాయి. మీ కళ్లతో తెరిచి చూడనిది ఒక్కటి కూడా లిస్టులో పెట్టొద్దు. రాయమని కూడా దానికి అప్పజెబితే, వైవాలో "ఇది ఎందుకన్నారు?" అని అడిగినప్పుడు పక్కకి చూడాల్సి వస్తుంది.

నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ

పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకి పన్నెండు అంగాలు, చెరువుకి పట్టే ఆరు దోషాలు చెబుతుంది. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లకి నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా చెబుతుంది. ఆ దోషాల్లో ఒకటి, నీళ్లు కొంచెం, తడపాల్సిన నేల బోలెడు ఉండటం. ఇంకొకటి, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం. నేను ఇది చదివి నా సినాప్సిస్ తీసి చూసుకున్నా. రాయలసీమ పాత నాలుగు జిల్లాలు, ఆరు వందల ఏళ్లు, అటు చరిత్ర, ఇటు ఎకనామిక్స్, ఒక్క మనిషి! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గైడ్‌తో మాట్లాడి ఒక జిల్లాకి, వందేళ్లకి తగ్గించుకున్నాకే రాత కదిలింది. మీకు రోజూ కూర్చున్నా కదలకపోతే తప్పు అలవాటుది కాకపోవచ్చు, ఆయకట్టు కొలిచి చూడండి. మీ సబ్జెక్టులో వచ్చిన థీసిస్‌లు శోధ్‌గంగలో (మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) ఒక నాలుగు తెరిచి విషయసూచిక, మొదటి చాప్టర్ చదవండి. ఎంత చిన్న ప్రశ్నతో పీహెచ్‌డీ వస్తుందో చూస్తే టెన్షన్ సగం దిగిపోతుంది.

గైడ్‌ని, తోటివాళ్లని వాడుకోవడం

"చాప్టర్ పూర్తయ్యాక చూపిస్తా" అని ఆర్నెల్లు కనపడకుండా తిరగడం మనందరికీ అలవాటు. సార్ కారిడార్‌లో ఎదురొస్తే మెట్ల పక్కకి తప్పుకున్న రోజులు నాకున్నాయి. ఇప్పుడు నెలకోసారి ఎనిమిది పది పేజీలు, అరకొరగా ఉన్నా సరే, ప్రింట్ తీసి ఇస్తా. పైన ఒక చీటీ: "సార్, భాష ఇంకా దిద్దలేదు. నాకు కావాల్సింది రెండు విషయాలు. 4వ పేజీలో వాదన నిలబడుతుందా? ఈ కైఫియత్తు (పాత ఊరి చరిత్ర రికార్డు) ఆధారం ఇక్కడ సరిపోతుందా?" ప్రశ్న అడిగితే ప్రశ్నకి జవాబు వస్తుంది. ఊరికే కట్ట ఇస్తే కామాలు దిద్ది ఇస్తారు, లేదా ఇవ్వరు. రెండు వారాలైనా పలక్కపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచెయ్యండి, ఈలోగా తర్వాతి భాగం రాస్తూ ఉండండి, ఆయన కోసం ఆగొద్దు.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌కీ అడ్వైజరీ కమిటీ ముందు మీ పని చెప్పాలి. చాలామంది దాన్ని పీడలా చూస్తారు, ముందు రోజు రాత్రి స్లైడ్లు చేస్తారు. దాన్నే గడువుగా పెట్టుకోండి, ఈ కమిటీకి ఒక చాప్టర్ డ్రాఫ్ట్ అని. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు, ఆపైన రీ-రిజిస్ట్రేషన్ మీద రెండేళ్లు, చూడటానికి బోలెడు టైం. ఆరు నెలల ముక్కలుగా కోసి చూస్తే కానీ ఎంత తక్కువో తెలీదు.

మేము ముగ్గురం ఆదివారం సాయంత్రాలు కూర్చుంటాం, ఒకరు బోటనీ, ఒకరు ఎడ్యుకేషన్, నేను. ఒక్కొక్కరం రెండు పేజీలు పైకి చదవాలి. సబ్జెక్టు తెలియని వాళ్లు ఉండటమే మంచిది. బోటనీ అక్క నా పేరా మధ్యలో ఆపి "ఇంతకీ ఏమంటావబ్బా?" అంటుంది. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను పోతా. తర్వాత ఏడు రోడ్ల దగ్గర కారం దోసె, ఆ వారం ఎవరు తక్కువ రోజులు కూర్చుంటే వాళ్లే డబ్బులివ్వాలి.

ఆ అక్క జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఇద్దరు పిల్లలతో పార్ట్ టైం పీహెచ్‌డీ చేస్తోంది. ఆమెకి ఇంట్లో గంట దొరకదు, కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. కాలేజీలో మొదటి పీరియడ్‌కి నలభై నిమిషాలు ముందే వెళ్లి ఖాళీ ల్యాబ్‌లో రాస్తుంది. ఇంట్లో "డ్యూటీ" అనే చెప్పిందట. రాసుకోవడానికి వెళ్తున్నా అంటే రోజూ ఏదో ఒక పని అడ్డొచ్చేది, డ్యూటీ అంటే ఎవరూ మాట్లాడలేదు. ఉద్యోగం చేస్తూ ఇది కాదు అనుకునే వాళ్లు ఒకసారి ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ లైబ్రరీకి వెళ్లి రండి. ఆ సి.పి. బ్రౌన్ 1820లో కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా కడపకు వచ్చిన మనిషి, కచేరీ పని చేసుకుంటూనే పండితుల్ని జీతానికి పెట్టుకుని తాళపత్రాలు రాయించాడు. 1829కి వేమన పద్యాలు అచ్చు వేశాడు, తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు బయటికొచ్చేసరికి 1852. పండితులకి జీతాలిచ్చే స్తోమత మనకు లేదనుకోండి, అది వేరే విషయం.

"మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్‌తో సహా" అని వాట్సాప్‌లో వచ్చే జర్నళ్ల జోలికి పోకండి. 2022 నిబంధనల్లో యూజీసీ పేపర్ తప్పనిసరి అన్నది తీసేసింది. మీ యూనివర్సిటీ అడుగుతుందో లేదో రూల్స్ చూసుకోండి, అడిగితే మంచి చోటికే పంపండి. ఫైల్‌ని రోజూ డ్రైవ్‌లో ఒక కాపీ, వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో ఒకటి. ఫైల్ పేరులో తేదీ పెట్టండి, "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" మూడూ నా దగ్గర ఉన్నాయి, ఏది అసలో ఇప్పటికీ తెలీదు.

తెగిపోయినప్పుడు

తెగుతుంది. పెళ్లిళ్లు, జ్వరాలు, వాల్యుయేషన్ డ్యూటీ, ఇంట్లో ఏదో ఒకటి. పోయిన ఏడాది నాన్న ఆపరేషన్ అప్పుడు నా నోట్‌బుక్‌లో 40 రోజులు ఖాళీ. పాత నేనైతే ఆ 40 రోజుల బాకీ తీర్చాలని రోజుకి ఐదు గంటల ప్లాన్ గీసి, రెండో రోజుకే పడిపోయేవాణ్ణి. కూలీకి రాని రోజుకి కూలి ఉండదు, బాకీ కూడా ఉండదు. తిరిగి మొదలుపెట్టే రోజు పావుగంట మాత్రమే, రెండో రోజు అరగంట, వారానికి మామూలు. మొదటి రోజు కొత్తది రాయక్కర్లేదు, పాత చీటీ వెతికి చదివితే చాలు.

ఆ 40 ఖాళీల తర్వాత నా నోట్‌బుక్‌లో ఉన్న లైను ఇది: "15 నిమిషాలు. పాత పేరా చదివా. ఒక వాక్యం కొట్టేశా. రేపు తూము దగ్గర మొదలుపెట్టు."